మా అత్తకు తెలిసిన దూప

ఇంటికి ఎవరొచ్చినా మా అత్త లస్మవ్వ ముందు చెంబెడు నీళ్లు చేతిలో పెట్టేది. తగాదాకు వచ్చినవాడికీ అంతే, ముందు దూప తీరాలనేది. నీళ్లు తాగినాక మనిషి ఎంతసేపని అరుస్తాడు? నాకు మాత్రం ఒళ్లు మండేది. బావి నుంచి ఆ నీళ్లు మోసేది నేను కదా.

ఆసిఫాబాద్ దగ్గర మా బావి కింద నలభై సంత్ర, అదే కమలా చెట్లు ఉండేవి. నిజాం పాలన పోయిన మరుసటి ఏడు మా ఆయన హనుమండ్లు నాగపూర్ వైపు నుంచి అంటు మొక్కలు తెచ్చి నాటాడు. సంత్ర పూయాలంటే చలికాలంలో నెల రోజులు నీళ్లు ఆపి చెట్లను వాడబెట్టాలి. ఆకులు వేలాడాక నీళ్లు వదిలితే తోటంతా ఒక్కసారే పూస్తుంది. ఈ పని మాకు నేర్పింది అంబదాస్ అనే మరాఠీ మాలి.

అయినా చెట్లు కాపు వయసుకు వచ్చాక రెండేళ్లు వరుసగా మాకు పూత రాలేదు. ఆకులు మాత్రం నవనవలాడేవి. పురుగే కారణమని మా ఆయన కాండాల తొర్రల్లో తీగ గుచ్చి, కిరసనాయిల్లో ముంచిన దూది కుక్కి, మట్టితో మూశాడు. పురుగులు చచ్చాయి, పువ్వు రాలేదు. మూడో ఏడూ ఇంతే అయితే తోట కొట్టేసి పత్తి వేస్తానని తేల్చి చెప్పాడు. ఆ మాటకు మా అత్త తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

ఆ ఏడు నీళ్లు ఆపిన వారానికి ఒక పొద్దున తోటకు వెళితే, అత్త బిందెతో చెట్ల మొదళ్లలో నీళ్లు పోస్తోంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రెండేళ్ల పూత నువ్వే పోగొట్టావని నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె బిందె దించి గట్టు మీద కూలబడింది.

తన తొలి బిడ్డ సంగతి అప్పుడు చెప్పింది. మూడేళ్ల పిల్లకు విరేచనాలు పట్టుకుంటే, నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయని పెద్దలు అడ్డుపడ్డారట. రెండు రోజులు నీళ్లు అడుగుతూ అడుగుతూనే పిల్ల పోయిందట.

"ఆకులు వాలుతుంటే సూడలేను బిడ్డా," అంది.

నేనన్న మాటలన్నీ తిరిగి నాకే తగిలాయి. ఆమె మీద నాకంత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

మా ఆయనకు చెప్పకుండా అంబదాస్‌కు చెప్పాను. అతను నవ్వలేదు. నేరుగా అత్త దగ్గరకు వచ్చి, అమ్మను పిలిచినట్టు పిలిచాడు.

"ఆయీ, మరీ వాడితే చెట్టు సచ్చిపోతది. ఏ రోజు నీళ్లియ్యాల్నో నువ్వే చెప్పు. నువ్వన్న రోజే మోట కడతం."

ఆ రోజు నుంచి ఆమె బిందె ముట్టలేదు. పొద్దున, సాయంత్రం చెట్టు చెట్టుకూ తిరిగి ఆకులు పట్టి చూసేది. పగలు తానూ నీళ్లు మానేసింది. నేను కసిరితే కాస్త మజ్జిగ తాగేది, అదీ నా పోరు పడలేక. ఆకులు ముడుచుకుని రాలడం మొదలయ్యాక మా ఆయన భయపడి ఇక నీళ్లు పెడదామన్నాడు. అత్త ఇంకా కాలేదంది, అంబదాస్ ఆమె మాటే వినమన్నాడు. నెల నిండిన మర్నాడు పొద్దున్నే వచ్చి ఈ రోజు ఇవ్వాలంది. రాత్రి చల్లదనానికి కూడా ఆకు తేరుకోలేదట. మా ఆయన ఎడ్లను కట్టి మోట తోలాడు, నీళ్లు పాదుల్లోకి చేరాయి.

మాఘం చివర తోటంతా తెల్లగా పూసింది. కొట్టేసే మాట ఇక లేదని, సరిగ్గా రోజు చూసి చెప్పావని మా ఆయన తల్లిని మెచ్చుకున్నాడు. ఆమె ఒక కొమ్మ వంచి పూత చూసింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అంది.

"గప్పుడు పిల్ల సంగతి గూడ నన్నడిగితే చెప్తుంటి, బిడ్డా."