దిగొద్దన్న మనిషి

సైరనక్క మామూలుగా మాట్లాడితే పక్కవీధి వాళ్లు తలుపు తీసి చూస్తారు. కోపంగా మాట్లాడితే ఏమవుతుందో తెలుసుకోవాలన్న సరదా ఆ వీధిలో ఎవరికీ లేదు. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. ఆ పేరుతో పిలిస్తే, పిలిచింది ఎవర్నా అని ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్లికి ముందు చెల్లెలి మాట పక్కనున్న మనిషికే వినపడేది కాదని వాళ్ల అన్నయ్య ఒట్టేసి చెప్పేవాడు గానీ ఎవరూ నమ్మేవాళ్లు కాదు. నూలు మిల్లులో చేరాకే వచ్చింది. తెగిన దారాన్ని పట్టుకుని అతికించడం అక్కడ ఆవిడ పని. ఆ యంత్రాల హోరులో మంచినీళ్లు కావాలని చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. అలా చించుకుని చించుకుని ఆ గొంతు ఇక తగ్గనని కూర్చుంది. చెవులు సగం పోయాయి. చెవులు పోయిన మేరకు ఇంకో విద్య అబ్బింది. పెదాలు చూసి మాట పోల్చుకోవడం. మిల్లులో పనిచేసిన ఆడవాళ్లందరికీ అది వచ్చు. సూపర్‌వైజరు అద్దాల గదిలో కూర్చుని ఎవర్ని తిట్టుకుంటున్నాడో వీళ్లు బయటినుంచే చదివేసి, భోజనాల దగ్గర పగలబడి నవ్వుకునేవాళ్లు.

తర్వాత మిల్లు మూతపడింది. యంత్రాలను పాత ఇనుము కింద లారీలకెత్తుకుపోయారు. గొంతు మాత్రం ఆవిడతోపాటు ఇంటికొచ్చింది. రెండు గదుల ఇంట్లో అది పట్టేది కాదు. మొగుడు బతికున్నన్నాళ్లూ "కాస్త నెమ్మదిగా అనవే, నేను ఇక్కడే ఉన్నాను, పక్కూళ్లో లేను" అని విసుక్కునేవాడు. ఆయన పోయాక ఆ విసుగు కోడలికి సంక్రమించింది. కొడుకు సిటీ బస్సు నడుపుతాడు. కోడలిది ఇంట్లోంచే ఫోన్లో ఏదో బ్యాంకు ఖాతాదారులకు జవాబులు చెప్పే ఉద్యోగం. "అత్తయ్యా, లైన్లో మనిషున్నాడు" అని ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి కళ్లతోనే బతిమాలేది. ఒకసారి లైన్లో ఉన్న పెద్దాయన తన ఖాతా సంగతి వదిలేసి, "అక్కడ గొడవేమైనా జరుగుతోందా అమ్మా, పోలీసులకి చెప్పమంటారా?" అని అడిగాడట. జరిగిందేమీ లేదు. సైరనక్క మనవరాలిని నీళ్లు పోసుకోవడానికి రమ్మని పిలిచింది, అంతే.

అప్పట్నుంచి పాపం పగలంతా నోరు కట్టేసుకుని గుమ్మం ముందు మెట్ల మీదే కూర్చునేది. ఏడాదికి ఒక్కపూట మాత్రం ఆ గొంతు కావాలని వీధి వీధంతా వచ్చి అడిగేది. అది సైకిళ్ల యాత్ర వచ్చే పూట.

ఆ యాత్ర పెద్ద వ్యవహారం. రక్తం జబ్బు చేసిన పిల్లల ఆసుపత్రికి చందాలు పోగుచేయడానికి డాక్టర్లు, గుమాస్తాలు, మాస్టార్లు, కాలేజీ పిల్లలు, ఉద్యోగం విరమించిన పెద్దమనుషులు మూడు రోజులపాటు ఊళ్లు దాటుకుంటూ సైకిళ్లు తొక్కుతారు. మూడో రోజు, కాళ్లలో సత్తువంతా హరించుకుపోయాక, యాత్ర ముగిసే మైదానానికి కాస్త ముందు ఈ మిట్టవీధి వాళ్ల మొహం మీదికి నిలువుగా వస్తుంది. పాలవ్యాను కూడా అక్కడ మూలుగుతూ ఎక్కాల్సిందే. ఆ వీధికి గొప్పగా చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. మోటారు వేసినా పై ఇళ్లకు నీళ్లెక్కవు, వానొస్తే కింది ఇళ్లలోకి నీళ్లొస్తాయి. అందుకని వాళ్లే ఒక గొప్ప కల్పించుకున్నారు. మా మిట్ట మీద ఎవరూ సైకిలు దిగరు, దిగనివ్వం. ఎవరైనా కాలు కింద పెట్టబోతే చాలు, "దిగొద్దు! దిగొద్దు!" అని వీధంతా ఒక్కటై అరుస్తుంది. అరిచినా లాభం లేకపోతే వెంట పరిగెత్తి వీపు మీద చెయ్యేసి తోస్తారు. ఆ కేక ఎత్తుకునేది సైరనక్క.

ఆ పూట కోడలు కూడా ఫోను కట్టేసి, పిల్లదాన్ని చంకనేసుకుని, "ఇక కానివ్వండత్తయ్యా" అనేది. కిందటేడు ఎక్కినవాళ్లు దూరంనుంచే "అక్కా, వచ్చేశాం!" అని చెయ్యూపేవాళ్లు. ఇంట్లో దండగమారిదనిపించుకున్న గొంతు నలుగురికి అక్కరకొస్తుంటే ఆవిడ మొహం చూడాలి. మూతపడ్డ మిల్లు మళ్లీ తెరిచినట్టుండేది.

ఒక యేడు ఎండలు ముందే ముదిరాయి. గుంపులు గుంపులుగా అందరూ వెళ్లిపోయాక, ఒంటరిగా ఒక పెద్దమనిషి వచ్చాడు. యాభై దాటిన మనిషి, భారీ ఒళ్లు, నీలం చొక్కా చెమటకి వీపునంటుకుపోయి ఉంది. సైకిలు రోడ్డుకి ఈ పక్కనుంచి ఆ పక్కకి ఊగుతోంది. సరిగ్గా సైరనక్క గుమ్మం ముందుకొచ్చేసరికి ఆయన తలెత్తి ఆవిడ వంక చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదాలు కదిలాయి. చప్పట్లు, ఈలలు, పళ్లాల మోతల మధ్య ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఆవిడకీ వినపడలేదు. కానీ చదివింది.

"నా వల్ల కాదమ్మా. దిగుతాను."

ఎవరి అనుమతీ అక్కర్లేదు, కాలు కింద పెడితే అయిపోయేది. అయినా ఆయన అడిగాడు. పెద్ద ఆడమనిషి అరుస్తోంది కదా, చెప్పకుండా దిగితే బాగుండదనుకున్నాడు కాబోలు. ఆ మర్యాదే తర్వాత ఆవిడను నిలువునా కాల్చింది.

"దిగొద్దు నాయనా!" అని ఆవిడ ఆకాశం అదిరేలా అరిచింది. "ఇంకెంత, వచ్చేసింది! నాలుగు తొక్కులు! నువ్వు దిగితే మా వీధి పరువేం కాను!" చెప్పులు మెట్ల మీదే వదిలేసి, పక్కన పరిగెత్తుతూ, తడిసిన ఆ వీపు మీద అరచెయ్యి ఆనించి తోసింది. ఆయన ఆవిడ మాట విన్నాడు. నవ్వబోయాడు కూడా. పళ్లు బిగించి తొక్కుకుంటూ పైన మలుపు తిరిగాడు. వీధంతా కేకలు. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, గెలిచింది తానే అయినట్టు వెనక్కి తిరిగింది. మలుపు అవతల సైకిలు పడిన చప్పుడు ఆవిడ చెవులకు అందలేదు. ఎదురుగా ఉన్నవాళ్ల మొహాలు మారిపోవడం చూసి, ఏమైందో అని అటు చూసింది.

అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు.

ఎవరూ ఆవిడను పల్లెత్తు మాట అనలేదు. యాత్ర కమిటీ కార్యదర్శి స్వయంగా ఇంటికొచ్చి, "ఆయన గుండె ఎప్పట్నుంచో పాడయ్యుందటమ్మా, ఇంట్లో కూర్చున్నా అంతే" అన్నాడు. ఎదురింటి టైలరు, "నువ్వేం చేశావక్కా, ఆయనకి నూకలు చెల్లాయి" అన్నాడు. ఆవిడ తలూపింది. "దిగుతానన్నాడయ్యా" అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట ఈ లోకంలో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. దాచుకుంటే అదే లోపల తొలుస్తోంది, చెబుదామంటే నోరు పెగలడం లేదు.

ఆ తర్వాత సైరనక్క గొంతెత్తడం మానేసింది, ఇల్లు నిశ్శబ్దమైపోయింది. కోడలు కోరుకున్నదీ అదే, తీరా వచ్చాక భరించలేకపోయింది. డాక్టరుకు చూపిస్తే గొంతులో ఏ లోపమూ లేదన్నాడు. "పోనీ నన్ను తిట్టండత్తయ్యా, గట్టిగా తిట్టండి" అని కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. కొడుకు నాలుగు మంచి మాటలు చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు. మనవరాలికి నీళ్లు పోసేటప్పుడు తడిసిన వీపు చేతికి తగిలితే సైరనక్క చెయ్యి వెనక్కి లాక్కునేది. కొన్నాళ్లకు ఆ పని కూడా కోడలే చేసుకుంది. ఒక మనిషిని చంపాను అని ఆవిడ మెట్ల మీద కూర్చుని తనలో తను అనుకునేది. ఎవరూ కాదనడానికి లేదు, ఎవరూ వినలేదు కాబట్టి.

మళ్లీ యాత్ర వచ్చింది. ముందురోజే కమిటీవాళ్లు మిట్ట పైన, మలుపు అవతల పెద్ద బ్యానరు కట్టారు. ఇళ్ల కప్పుల మీదుగా సైరనక్క గుమ్మంలోకి కూడా కనిపిస్తోంది. నీలం చొక్కా పెద్దమనిషి నవ్వుతున్న ఫొటో, దాని కింద "చివరి తొక్కు దాకా దిగని మనిషి" అని అక్షరాలు. ఆయన భార్య కూడా వస్తోందనీ, బ్యానరు కింద నిలబడి అందరికీ నీళ్ల సీసాలిస్తుందనీ టైలరు చెప్పాడు. "మా ఆయన దిగలేదు, మీరూ దిగకండి అని కనపడ్డవాళ్లందరికీ చెబుతోందట పాపం. గుండె దిటవున్న మనిషి అక్కా."

ఆ మాట విన్నాక సైరనక్క ఒక నిర్ణయానికొచ్చింది. ఈ యేడు ఒక్క మనిషినైనా దించాలి. అలసిపోయినవాళ్లలో ఒక్కరినైనా, ఈ మిట్ట మీదే, ఈ చేత్తోనే పట్టుకుని దించాలి. ఇక ఆవిడకి ఏమీ అక్కర్లేదు. పోయిన మనిషి ఎలాగూ రాడు. కానీ ఆ చేతిని మళ్లీ మనవరాలి వీపు మీద వేయాలంటే ఇంతకన్నా దారి ఆవిడకి తోచలేదు.

సైకిళ్లు రాగానే మెట్లు దిగి రోడ్డు పక్కన నిలబడింది. ఏడాదిగా వాడని గొంతు ముందు జీరపోయి, ఆనక అందుకుంది.

"దిగండి! దిగితే ఏం పోదు! దిగండి నాయనా!"

వీధి గొల్లున నవ్వింది. అక్క కొత్త వేషం వేసిందనుకున్నారు. తొక్కేవాళ్లు కూడా అలాగే అనుకున్నారు. "రెచ్చగొడుతున్నావా అక్కా? చూడు మరి!" అని ఒక కాలేజీ కుర్రాడు సీటు మీదనుంచి లేచి మరీ తొక్కాడు. ఆయాసంతో రొప్పుతున్న లావుపాటి మాస్టారొకాయన బ్యానరు వంక వేలు చూపించి, "ఆయన దిగలేదుగా!" అంటూ పోయాడు. దిగమన్నకొద్దీ ఇంకా గట్టిగా తొక్కుతున్నారు. దిగొద్దంటే వినే జనం దిగమంటే వినరని ఆవిడకు అప్పుడర్థమైంది. కాసేపటికి వీధివాళ్ల నవ్వు ఆగింది. "చాలించక్కా, పరువు తీస్తున్నావు" అని టైలరు చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ విదిలించుకుంది.

అందరి వెనకా ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుండవు. సైకిలు రోడ్డుకి అడ్డంగా ఊగుతోంది. దగ్గరికొచ్చి తలెత్తింది. నెత్తురు లేని అదే మొహం. అదే ముక్కు, పళ్లు బిగించడం కూడా అదే తీరు. సైరనక్క ఇంకేమీ ఆలోచించకుండా పరిగెత్తి హ్యాండిలు రెండు చేతులతో పట్టుకుంది. సైకిలు ఒరిగింది. అమ్మాయి రెండు కాళ్లూ నేలకు తగిలాయి.

వీధిలో చప్పట్లు ఆగిపోయాయి.

"వదలండి! ఎవరండీ మీరు? వదలమంటున్నానా!"

"చాలు తల్లీ. దిగిపో. చాలు."

"మా నాన్న ఎక్కిన మిట్ట ఇది!" అమ్మాయి కోపంతో ఏడుస్తోంది. "ఆ బ్యానరు మీదున్నది మా నాన్నే. ఆయన దిగలేదు. ఈ ఒక్క మిట్ట కోసం ఏడాదిగా తొక్కడం నేర్చుకున్నాను. ఇంకో నిమిషంలో ఎక్కేసేదాన్ని. నన్నెందుకు దించారు? మీకేం పోయింది?"

తప్పయిపోయింది తల్లీ అని వదిలేస్తే సరిపోయేది. వదిలేద్దామనే అనుకుంది కూడా. కానీ ఆ పిల్ల పెదాలు తెల్లగా పాలిపోయి వణుకుతున్నాయి. వణుకుతూనే కాలు మళ్లీ పెడలు మీద పెట్టింది. సైరనక్క హ్యాండిలు వదల్లేదు. వంగి, పక్కవాళ్లకి కూడా వినపడనంత నెమ్మదిగా చెప్పింది.

"మీ నాన్న దిగుతానన్నాడమ్మా. ఇక్కడే, ఈ గుమ్మం ముందే. నా వల్ల కాదమ్మా, దిగుతాను అన్నాడు. నేనే దిగనివ్వలేదు. వీపు మీద చెయ్యేసి తోశాను."

"నాన్న అలా అనరు."

"అన్నాడు తల్లీ. నేను చూశాను."

కొడుతుందేమోననుకుంది సైరనక్క. కొడితే బాగుండునని కూడా అనుకుంది. అమ్మాయి కొట్టలేదు. పెడలు మీది కాలు తీసి, సైకిలు దిగి, రోడ్డు మీద నిలబడింది. ఆ వీధి మిట్ట మీద దిగిన మొదటి మనిషి ఆ పిల్లే. ఎవరో "అయ్యో" అన్నారు.

"అమ్మకి మాత్రం చెప్పకండి" అంది. "ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతోంది."

సైరనక్క తలూపింది. హ్యాండిలు వదిలేసింది.

అమ్మాయి సైకిలు నడిపించుకుంటూ మలుపు దాకా వెళ్లింది. అక్కడ ఆగి, చొక్కా చేతితో మొహం తుడుచుకుని, మలుపు అవతల ఉన్న తల్లికి కనపడేలోపు మళ్లీ సైకిలెక్కింది. మొదటి తొక్కుకే ముందుచక్రం పక్కకి తిరిగి సైకిలు తూలింది. అది చూసి వీధంతా హుషారుగా "దిగొద్దు! దిగొద్దు!" అని అందుకుంది. సైరనక్క కూడా నోరు తెరిచింది గానీ, ఏమని అరవాలో తెలియలేదు.