ఇటుక పెడితే తిరిగే తెర

నేను రిటైరు కావడానికి నాలుగు నెలల ముందు, పత్తి కొనుగోళ్లు ముమ్మరంగా సాగే నవంబరులో, నన్ను వినుకొండ దగ్గర పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లుకు పంపారు. అప్పటికి గుంటూరులో ఒక లాప్‌టాప్ సర్వీసు సెంటర్లో సీనియర్ ఫీల్డ్ ఇంజనీరుని. హోదా పేరు పెద్దదే గాని, పని మాత్రం బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కడం. బాగుచేసిన మెషిన్ మీద అదే ఫిర్యాదు మళ్లీ వస్తే మా వాళ్లు దాన్ని రిపీట్ కాల్ అంటారు. ఆ మిల్లు నుంచి వచ్చింది రెండో రిపీట్. అంటే నేను వెళ్లడం మూడోసారి. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో నా పేరు మీద రెండో రిపీట్ ఎప్పుడూ పడలేదు. ఆరోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా నాకేమీ సంతోషం కలగలేదు.

మిల్లు ఆవరణలోనే పత్తి కొనుగోలు కేంద్రం ఉండేది. దాని అధికారి రహంతుల్లా గారు, నెమ్మదస్తుడు. రైతు బండి గేటు దగ్గరికి రాగానే పేరు, పొలం వివరాలు లాప్‌టాప్‌లో ఎక్కించి టోకెన్ ఇవ్వాలి. టోకెన్ లేనిదే బండి షెడ్డు కిందికి రాకూడదు. కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కిస్తామంటే పైవాళ్లు ఒప్పుకోరు.

ఆ లాప్‌టాప్ కన్వర్టిబుల్ రకం. తెరను పూర్తిగా వెనక్కి మడిచి పలకలా చేతిలో పట్టుకోవచ్చు. తెర అంచులో ఒక చిన్న అయస్కాంతం, కింది భాగంలో దాన్ని పసిగట్టే సెన్సార్ ఉంటాయి. రెండూ దగ్గరైతే, తెర మడిచారనుకుని మెషిన్ కీబోర్డును ఆపేస్తుంది. అక్కణ్ణుంచి ఎటు పైన, ఎటు కింద అన్నది వాలును కొలిచే మరో సెన్సార్ నిర్ణయిస్తుంది. ఈ మోడల్లో అది కీబోర్డు కిందే ఉంది. ఫిర్యాదేమిటంటే, తెర మడవకుండానే కీబోర్డు ఆగిపోయి అక్షరాలు తలకిందులవుతున్నాయి.

మొదటిసారి సాఫ్ట్‌వేర్ అంతా తీసేసి మళ్లీ ఎక్కించాను. రెండోసారి సెన్సార్ బోర్డే మార్చాను. రెండుసార్లూ నా ఎదుట గంటసేపు బుద్ధిగా పనిచేసింది. రెండుసార్లూ నేను వినుకొండ బస్టాండు చేరేలోపే ఫోను మోగింది.

మూడోసారి వెళ్లేసరికి వాళ్లు తమ దారి తాము వెతుక్కున్నారు. బల్ల పక్కన నాలుగు ఇటుకలు పేర్చి ఉన్నాయి. తెర తలకిందులు కాగానే రహంతుల్లా గారు తల ఎత్తకుండానే "వెనక రెండు" అనేవారు. ఇద్దరు హమాలీలు బల్ల ఎత్తి వెనక కాళ్ల కింద చెరో ఇటుక పెట్టేవారు. అక్షరాలు నిటారుగా నిలబడేవి. తెర అడ్డంగా తిరిగితే "ఎడమ వైపు". ఏటవాలు బల్ల మీద నుంచి లాప్‌టాప్ జారకుండా ఆయన మోచేత్తో ఆపుకుని, తెర మీదే వేలితో పొడుస్తూ రైతుల పేర్లు ఎక్కించేవారు. ఇటుకలతో సెన్సార్‌ను సర్దడం మా ట్రైనింగులో ఎక్కడా చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది అందుకు కాదు. ముందురోజు దాకా ఆ పద్ధతి పనిచేసింది, నాది పనిచేయలేదు.

ఆరోజు మాత్రం ఇటుకలూ చేతులెత్తేశాయి. పత్తి ఎక్కువ వచ్చిందని జిన్ను యంత్రాలన్నీ ఒకేసారి నడిపారు. నేల అదురుతోంది, బల్ల అదురుతోంది, తెర నిమిషానికోసారి తిరుగుతోంది. ఉదయం నుంచి ఒక్క టోకెన్ పడలేదు. దాచేపల్లి వైపు ఆకాశం నల్లబడింది. వరసలో మొదటి ట్రాక్టరు యల్లమందది. కౌలు రైతు, పత్తి మీద కప్పిన టార్పాలిన్ పట్టా చిరిగి ఉంది. పత్తి తడిస్తే తేమ కొలిచే మీటరు ఒప్పుకోదు, వెనక్కి తీసుకుపోవాల్సిందే.

"తీసుకెళ్లి ఎక్కడ ఆరబెట్టనండీ? నాకు వాకిలి కూడా లేదు. నా పేరు తలకిందులుగా పడినా పర్లేదు, టోకెన్ ఇప్పించండి" అన్నాడు. నవ్వొచ్చే మాటే గాని, అతని మొహం చూస్తే నవ్వు రాలేదు.

నాకొక అలవాటు ఉండేది. మెషిన్ విప్పే ముందు బల్ల మీదా కిందా ఉన్న సామాను తీయించి, మనుషులందర్నీ గది బయటికి పంపేవాణ్ణి. ఆరోజూ గట్టిగానే చెప్పాను. చినుకులకు భయపడి లోపలికి చేరిన జనం ఒక్కరూ కదల్లేదు. చేసేది లేక, ఆ గుంపులోనే లాప్‌టాప్‌ను బోర్లించి మరలు విప్పడం మొదలుపెట్టాను. నాలుగో మర చేయి జారింది.

మోకాళ్ల మీద కూర్చుని నేలంతా తడిమాను. దూది తప్ప ఏమీ దొరకలేదు. అప్పుడే సుగుణమ్మ అనే కూలీ మనిషి అంది: "నేల మీదెందుకు ఎతుకుతారండీ? ఇనపదైతే పైన చూడండి."

జిన్నులోకి వెళ్లే పత్తిలో ఇనుము ఏరడం ఆమె పని. మేకు ముక్క ఒక్కటి పడినా నిప్పురవ్వ లేచి షెడ్డు తగలబడుతుంది. కాలిపోయిన పాత స్పీకరులోని అయస్కాంతాన్ని తాడుతో కర్రకు కట్టుకుని, ప్రతి కుప్ప మీదా తిప్పి, అయ్యాక దాన్ని బల్ల కింద ఇనుప చట్రానికి అంటించేది. ఆ చట్రం పైన ఉన్నది ఉత్త ప్లైవుడ్ పలక, అయస్కాంతానికి అడ్డు కాదు. ఆమె వంగి దాన్ని ఊడబీకి నా చేతికిచ్చింది. గుప్పెడు మేకులు, ఒక తలపిన్ను, కొడవలి మొన, వాటి మధ్య నా మర.

దాన్నీ, బల్ల మీది లాప్‌టాప్‌నూ మార్చి మార్చి చూశాను. ఎన్నాళ్లుగా అక్కడ పెడుతున్నావని అడిగాను.

"సీజను మొదలైన కాడ్నించీ అండి."

"మరి నేను వచ్చిన ఆ రెండుసార్లూ?"

"బల్ల కింద సామాన్లు తీసేసి బయటికి పొమ్మన్నది మీరే కదండీ. మీరు ఎళ్లిందాకా దీన్ని పట్టుకుని ఎండలో నిలబడ్డాను."

మరలు బిగించి, మెషిన్ ఆన్ చేసి, అయస్కాంతాన్ని పది అడుగులు దూరం పంపాను. అక్షరాలు నిటారుగా నిలిచాయి, కీబోర్డుకు ప్రాణం వచ్చింది. దగ్గరికి తెప్పించాను, తలకిందులు. నమ్మకం కోసం రహంతుల్లా గారు ఇంకోసారి చేయించారు. హమాలీలు తామూ చూస్తామన్నారు. గుమ్మంలోంచి యల్లమంద అరిచాడు: "ఒరేయ్, వాన పడతందిరా! ఆ ఆట తర్వాత ఆడుకోండి!"

అతని టోకెనే మొదట పడింది. ట్రాక్టరు వెనక చక్రాలు షెడ్డు కిందికి చేరాక వాన దంచికొట్టింది. మీటరు అతని పత్తికి ఒప్పుకుంది. అయస్కాంతానికి కొత్త చోటు కుదర్చడానికి మాత్రం మెషిన్ కన్నా ఎక్కువసేపు పట్టింది. చూడకుండా చేయి చాపితే అందే చోటే కావాలని సుగుణమ్మ పట్టుబట్టింది. చివరికి అవతలి కిటికీ ఊచలకు ఒప్పుకుంది. ఇటుకల్ని మాత్రం రహంతుల్లా గారు తీయనివ్వలేదు.

రిపోర్టులో లోపానికి కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. 'వాడకందారు తప్పు' అని పెట్టి ముగించమని మా మేనేజరు ఫోన్లో సలహా ఇచ్చారు. నేను 'ఇంజనీరు పరీక్షించిన పద్ధతిలో లోపం' అని రాసి సంతకం చేశాను. నేను మార్చి పారేసిన బోర్డు బాగానే ఉందని కూడా రాశాను. మిగిలిన నాలుగు నెలలూ, ఎక్కడికి వెళ్లినా, మెషిన్ ముట్టుకునే ముందు అక్కడివాళ్లను రోజూలాగే పని చేసుకోమని చెప్పి అరగంట పక్కన కూర్చున్నాను. అంతకుముందు ముప్ఫయ్యేళ్లూ నేను చేసింది, లోపాన్ని మనుషులతో పాటు గది బయటికి పంపించి, ఆ తర్వాత దాన్ని మెషిన్లో వెతకడం.