చప్పుడు చేయని దోమ

మా ఊళ్లో ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూసే మితానిన్‌ని, అంటే ఆరోగ్య కార్యకర్తను నేను. ఈ సాయంత్రం లచ్చక్క నాలుగేళ్ల కూతురి వేలికి సూది గుచ్చి పరీక్ష చేస్తే మలేరియా అని తేలింది. నేనిచ్చిన దోమతెర మీద పెరట్లో ఇప్పపూలు ఆరుతున్నాయి.

"తెర కట్టలేదేంది అక్కా?" అన్నాను.

"గీదం సంతల దోమల కాయిల్ కొన్నం చెల్లే. అది ముట్టిస్తే చెవుల కాడ ఒక్క దోమ మోగదు."

మోగే దోమ పోతే తెలుస్తుంది. మలేరియా దోమ అంతగా మోగదు, అది పోయిందని ఎలా తెలుస్తుంది? ఆమెకు అదే చెప్పి, పాపకు మందు వేసి వచ్చాను.

ఇంటికొచ్చి చూస్తే మా తెర కోడిపిల్లల గంప మీద ఉంది. గద్ద తన్నుకుపోకుండా నేనే కప్పాను. గద్దయితే కంటికి కనిపిస్తుంది మరి.

మీ ఇంట్లో తెర ఎక్కడుంది?