కౌసల్యమ్మ పెట్టిన మత్తడి

కౌసల్యమ్మది పెద్ద నోరని లక్డారంలో అందరూ అంటారు. నిజమే, కాదనడానికి లేదు. ఆ నోటికి తగ్గ చేతులున్నాయన్న సంగతి మాత్రం ఒక్కడూ అనడు. చెరువు కింద కౌలు మళ్లలో ముప్పై ఏళ్లు వరి నాటిన చేతులవి. ఆమె మడి చుట్టూ పెట్టిన ఒడ్డులోంచి చుక్క నీరు కారిందని చెప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆ గర్వమే మొన్న చలికాలంలో ఆమె కొంప ముంచినంత పని చేసింది.

ఊరికి పైన, పటాన్‌చెరు రోడ్డు వైపు, మామగారి నాటి నల్లరేగడి ఉండేది వాళ్లకు. పై రెండెకరాలు గోదాము కట్టేవాళ్లకు అమ్మేశారు. కింద వాలులో ఉన్న ముప్పై గుంటలు మాత్రం "నా పీనుగు మీదికెళ్లి తీస్కపోండ్రి" అని ఆపుకుంది. అందులో శనగ వేసింది. ఇంటికి మిగిలిన చేను అదొక్కటే. పగలంతా పైన గోదాము పిల్లర్లకు నీళ్లు కొట్టే కూలికి పోతుంది. అమ్ముకున్న చేన్లోనే కూలీనా అని నవ్వేవాళ్లు నవ్వారు. "ఆడ నిలవడితే నా శనగ కనవడ్తది, మీకేం నొప్పి?" అని వాళ్ల నోళ్లు మూయించింది.

చిక్కంతా జేసీబీతో వచ్చింది. దాన్ని నడిపే ఐలన్న ఆమెకు వరసకు మరిది. గచ్చు వేయడం కోసం పైపొర నల్లమన్నంతా గీకి వాలు అంచున కుప్పలు పోశాడు. టిప్పర్లు తిరగడానికి అడ్డమని రెండు చేన్ల మధ్య ఉన్న పాత ఒడ్డును కూడా చదును చేసేశాడు.

"ఏందిర ఐలన్న, ఒడ్డు తీసేసినవ్? వాన గొడ్తే మన్నంత నా శనగ మీదికే గదా!"

"కార్తీకం ఎల్లింది వదినె. ఇగ వానేడిది? పరేషాన్ గాకు."

వాడి నోటి చలవో ఏమో, వారం తిరక్కుండానే బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. ఇక్కడ పడ్డది గంట వానే. అంతకే రెండు సాళ్ల శనగ బురద కింద పడిపోయింది. కౌసల్యమ్మ చేతిలోని పైపు అక్కడే పారేసి ఇంజనీరు దగ్గరికి పోయింది.

ఇంజనీరు సత్యశ్రీకి ఇరవై ఆరేళ్లు. తాత తెనాలి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం.

"అమ్మా, జూన్ లోపు కాంపౌండు గోడ లేపేస్తాం. ఇక మట్టి జారదు."

"జూన్ దాక నా శనగ నీ గోడ కోసం ఎదురుసూస్త కూసుంటదా మేడం?"

సత్యశ్రీకి నవ్వొచ్చింది. బురదలోంచి తలలు మాత్రం కనబడుతున్న మొక్కలను చూశాక ఆ నవ్వు పోయింది. ఇద్దరు మనుషులనిచ్చి, ఒడ్డు మళ్లీ పెట్టించుకోమంది. "కానీ నీళ్లు బయటికి పోవడానికి ఒక దారి వదలండమ్మా" అంది.

"ఒడ్డు పెట్టుడు నాకే నేర్పుతవా బిడ్డా? నువ్వు పుట్టకముందు సంది పెడుతున్న."

పెట్టింది. మడికి పెట్టినట్టే బురద కలిపి, పారతో కొట్టి, కాలితో తొక్కి, నున్నగా మెత్తింది. చీమ దూరే సందు కూడా వదల్లేదు. సాయంత్రం దాని మీద కూర్చుని బీడీ కాలుస్తున్న ఐలన్నను లేపి మరీ పంపించింది, ఒడ్డు కుంగుతుందని.

మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ వాన. కౌసల్యమ్మ పిల్లరు పక్కన నిలబడి చూస్తూనే ఉంది. రెండెకరాల నీళ్లూ మట్టితో కలిసి వచ్చి ఒడ్డు వెనక చేరాయి. పోయే దారి లేదు. ఒడ్డు ఉబ్బింది. "అయ్యో అయ్యో" అంటూ ఆమె పరుగెత్తుకొచ్చేసరికి అది ఒక్కచోట తెగి, నీళ్లన్నీ ఆ గండిలోంచే దూకాయి. పన్నెండు సాళ్లు కళ్ల ముందే కొట్టుకుపోయాయి.

ఐలన్న ఏదో అనబోయాడు.

"ఏమనకు. తప్పు నాదే. వరికి పెట్టే ఒడ్డు పెట్టిన. నీళ్లను ఆపుడే తెల్సు నాకు, పంపుడు తెల్వదాయె" అంది కౌసల్యమ్మ. గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం ఐలన్న అదే మొదటిసారి చూడటం. తీసేసిన పాత ఒడ్డు గుర్తొచ్చి వాడికి తల ఎత్తబుద్ధి కాలేదు.

నాలుగు రోజుల్లో ఇంతకన్నా పెద్ద వాన ఉందని సత్యశ్రీ ఫోన్‌లో చూసి చెప్పింది. కౌసల్యమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది.

"మేడం, చెరువుకు ఎంత పెద్ద కట్ట ఉన్నా మత్తడి లేకుంటె తెగుతది. ఎక్కువైన నీళ్లు రాళ్ల మీదికెళ్లి నిమ్మళంగ పొర్లిపోవాలె. గిప్పుడు మత్తడి పెడ్దాం. ముందుగాల ఆ మన్ను కుప్పలు అంచు మీదికెళ్లి తీసి ఎన్కకు గుంజాలె. టిప్పర్లు ఆపు."

టిప్పర్లు ఆపడమంటే మాటలా! కాంట్రాక్టరు రామలింగేశ్వరరావు ఫోన్‌లో అరిచిన అరుపులు పక్కనున్నవాళ్లకూ వినిపించాయి. సత్యశ్రీ ఫోన్ చెవికి కాస్త దూరంగా పెట్టుకుని అంతా విని, "రెండు రోజులు సార్. ఆపకపోతే మట్టితోపాటు మన రోడ్డు కూడా జారుతుంది. కావాలంటే రాసిస్తాను" అని పెట్టేసింది.

ఇక చూడాలి ఆ రెండు రోజులూ. ఐలన్న చెప్పించుకోకుండానే కుప్పలన్నీ వెనక్కి లాగాడు. వాలుకు అడ్డంగా నాలుగు కాలువలు తవ్వాడు. కౌసల్యమ్మ ఇంటి నుంచి జొన్నచొప్ప మోపులు తెచ్చి బోడినేల మీద పరిచింది, వాన చినుకు నేరుగా మన్నును కొట్టకుండా. బర్రెకేం పెడతావని ఇంట్లో మొగుడు అడిగితే, "బర్రె ఆకలైతె నాలుగు దినాలు ఒర్రుతది, చేను ఒర్రలేదు" అంది. ఒడ్డుకు ముందు పెద్ద గుంత తవ్వించారు, మట్టి అందులో దిగబడటానికి. ఒడ్డు చివర కంకరరాళ్లు పేర్చి, నీళ్లు రోడ్డు పక్క కాలువలోకి పొర్లేలా మత్తడి పెట్టారు. ఎత్తు ఎంతుండాలని కౌసల్యమ్మే సత్యశ్రీని అడిగింది. సత్యశ్రీ లెవెల్ పట్టి చూసి చెప్పినంతే పెట్టింది.

రాత్రంతా వాన కురిసింది. తెల్లవారుజామున గొంగడి కప్పుకుని కౌసల్యమ్మ వచ్చేసరికి సత్యశ్రీ అప్పటికే గొడుగుతో అక్కడుంది. మత్తడి మీంచి నీళ్లు పల్చగా పొర్లి కాలువలోకి పోతున్నాయి. ఒడ్డు నిలబడింది. మిగిలిన శనగంతా అలాగే ఉంది.

"నువ్వు చెప్పిన్నాడే దారి ఇడిస్తే పన్నెండు సాళ్లు బతికి ఉండె బిడ్డా" అంది కౌసల్యమ్మ.

సత్యశ్రీ గుంత నిండా దిగబడ్డ నల్లమన్ను చూపించింది. "దీన్ని ఎత్తించి పైన పోయించేస్తానమ్మా. మళ్లీ వానొస్తే గుంత ఖాళీగా ఉండాలిగా."

"పైన ఏం జేస్తవ్ దాన్ని?"

"గచ్చు కిందకి పనికిరాదు. బయట ఎక్కడైనా పారబోస్తారు."

కౌసల్యమ్మ గుంతలో దిగి పిడికెడు మన్ను తీసి పిసికింది. మామ బతికినన్నాళ్లూ బండ్ల కొద్దీ పెంట తోలిన మన్ను అది. అమ్మిన నాడు దాన్ని తలుచుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

"పారబొయ్యకు. నా పన్నెండు సాళ్లు బోడిగున్నయి, ఆడ పొయ్యి" అంది. "మన్ను నా చేన్లకు రావద్దని ఎన్నడన్న అన్ననా? నేను పిలిస్తే రావాలె, గంతే."

ఐలన్న తట్ట తెచ్చి ముందు పెట్టాడు. కౌసల్యమ్మ మొదటి తట్ట నింపి తలకెత్తుకుని చేన్లోకి నడిచింది.