అల్పపీడనంలో అల్పమేది?

రుక్మాబాయి దామరచర్ల దగ్గరి తండా నుంచి రోజూ మిర్యాలగూడకు వచ్చి, ఒక రైసుమిల్లు కళ్లంలో ఉడకబెట్టిన వడ్లు ఆరబోసేది. కళ్లంలో పనిచేసే పన్నెండు మంది ఆడవాళ్లకు ఆమే పెద్ద. చదువు లేదు. కాళ్లతో వడ్లు తిరగేస్తూనే ఇంకెంత ఎండ కావాలో చెప్పేది.

ఎనభై ఏడు అక్టోబరులో ఒక పొద్దున మిల్లు గుమాస్తా ప్రభాకర్ రేడియో వార్తలు విని బయటికొచ్చాడు.

“బంగాళాఖాతంల అల్పపీడనమట.”

“అంటే ఏంది సారూ?” అంది రుక్మాబాయి.

“అల్పమంటే తక్కువ. పీడనమంటే పీడ. తక్కువ పీడ. ఏం గాదు, ఆరబొయ్యుండ్రి.”

ఆరబోశారు. పన్నెండింటికి మొదలైన వాన రెండు రోజులు కురిసింది. వడ్లు పులిసి గేటు దాకా కంపు కొట్టాయి. సేటు కేకలేస్తే, ఆడవాళ్లు పరదాలు కప్పడం ఆలస్యం చేశారని చెప్పాడు ప్రభాకర్. వాన తెచ్చింది వాళ్లేనని మాత్రం అనలేదు.

పడ్డ తిట్లకంటే ‘అల్పపీడనం’ అన్న మాట మీదే రుక్మాబాయికి కోపం. సైన్సు మాస్టారు ఏసుపాదం కోదాడ నుంచి బదిలీ మీద వచ్చినవాడు. బర్రెకు తవుడు కోసం మిల్లుకొస్తే, ఆయన్ని నిలబెట్టి దాని అర్థం అడిగింది.

“బస్టాండులో బస్సు ఖాళీ అయితే బయటున్నవాళ్లు ఏం చేస్తారమ్మా?”

“ఉరుకుతరు. కిటికీలకెళ్లి టవాలేసి సీటు ఆపుతరు.”

“గాలీ అంతే. సముద్రం మీద ఒకచోట గాలి ఒత్తిడి తగ్గుతుంది. చుట్టుపక్కల గాలి తేమను మోసుకుని అక్కడికి పరుగెడుతుంది. పైకి లేచి మబ్బయి కురుస్తుంది. తక్కువయ్యేది ఒత్తిడి, వాన కాదు.”

“గట్లయితే పేరు సక్కగ పెట్టొచ్చు గద సారూ.”

పెట్టొచ్చని మాస్టారు ఒప్పుకున్నాడు.

నవంబరులో రేడియో మళ్లీ అదే మాట చెప్పింది. బాయిలర్ ముట్టించొద్దని, ఇయ్యాల వడ్లు ఉడకబెడితే తాము ఆరబొయ్యమని రుక్మాబాయి అడ్డం నిలబడింది. పనాగింది. ఆ రోజంతా మాడు పగిలే ఎండ కాసింది. అల్పపీడనం ఒరిస్సా వైపు మళ్లిందని సాయంత్రం వార్తల్లో చెప్పారు. ప్రభాకర్ వెళ్లి సేటును పిలుచుకొచ్చాడు.

“ఏందిది రుక్మాబాయీ?”

“గాలి యాడికి పోతదో నాకు చెప్పి పోదు సేటూ. ఈడికొస్తే మాత్రం వడ్లు ఖతం. ఒక్క రోజు పని పోతే మల్ల చేసుకుంటం.”

సేటు మర్నాడు రేడియోను గుమాస్తా గదిలోంచి తీసి కళ్లం పక్క రేకుల షెడ్డులో పెట్టించాడు.

తొంభై ఆరులో మిల్లుకు డ్రయ్యర్ వచ్చేదాకా, రుక్మాబాయి ఊఁ అంటేనే బాయిలర్ ముట్టించేవారు. ఆమె వద్దన్న రోజుల్లో సగం రోజులు వాన రాలేదు. అప్పుడు ఆడవాళ్లు ఎండలో కూర్చుని పరదాలకు కుట్లు వేసేవారు.