చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ

మా పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్‌ నాటికి వాళ్ల నాన్న గల్ఫ్‌లో ఉన్నాడు. అదీ ఖల్లివెల్లిగా. అంటే తీసుకెళ్లిన కంపెనీలో పడలేక, పాస్‌పోర్టు అక్కడే వదిలేసి బయటపడి, ఒక కిరాణా దుకాణంలో దొంగచాటుగా పనిచేస్తున్నాడు. దొరికితే జైలే.

మా మరిదికి ఏ శుభకార్యమైనా ఫ్లెక్సీ కట్టకపోతే అన్నం సహించదు. మనిషి రాకపోయినా కనీసం బొమ్మయినా ఉండాలన్నాడు. ఫొటో ఎంచింది మాత్రం నేనే. ఆయన పంపినవాటిలో నవ్వుతూ ఉన్నది అదొక్కటే మరి. అల్వాల్‌లో ప్రింటు వేయించి శామీర్‌పేట చౌరస్తాలో కట్టారు. అబద్ధమెందుకు, బస్సులోంచి చూసి నేను మురిసిపోయాను.

ఫంక్షన్ రోజు పొద్దున్నే మరిది ఆ ఫ్లెక్సీని ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో సగం మంది గల్ఫ్‌లోనే ఉంటారు. ఆయన వదిలి వచ్చిన కంపెనీలో మేస్త్రీ కూడా ఉన్నాడు, మా మండలం వాడే. పది నిమిషాల్లో అతని మెసేజ్ వచ్చింది. "ఇన్నొద్దులకు అన్న యాడున్నడో తెలిసింది."

అప్పుడు చూశాను. ఆయన వెనకాల దుకాణం బోర్డు, ఫోన్ నంబరుతో సహా. నేను నవ్వు చూసుకున్నాను గానీ వెనకాల ఏముందో చూడలేదు. నా బుద్ధి ఏ గడ్డి మేసిందో!

ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. గ్రూపులోంచి ఫొటో తీసేయమంటే మరిది తీసేశాడు గానీ, అప్పటికే ఎందరు చూశారో. పట్టుచీరతోనే అతని బండెక్కి చౌరస్తాకు వెళ్లి తాళ్లు తెంపాను. "నడిబజార్ల ఇజ్జత్ తీస్తున్నవ్ వదినె" అని గొణిగాడు. నేను ఫ్లెక్సీని చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి దేవరయాంజాల్ నుంచి ఒకామె వచ్చి ఉంది. వాళ్లాయనా మా ఆయనా ఒకే గదిలో ఉంటారు, అదే దుకాణంలో పని, ఆయనా ఖల్లివెల్లే. నా ముఖం చూసి అడిగితే ఫోన్ కలవట్లేదని మాత్రం చెప్పాను.

"పరేషాన్ గాకక్కా. మా ఆయన పక్కనే ఉంటడు గదా, ఆగం గానియ్యడు" అంది.

మధ్యాహ్నం అందరూ అక్షింతలు వేస్తుండగా తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. షామియానా వెనక్కి పరుగెత్తాను. ఆయనే, ఆయాసపడుతున్నాడు.

"పోలీసులు నా కోసమే వచ్చిన్రు. నేను ఎనక దర్వాజ నుంచి ఉరికిన. మా రూమోన్ని వట్టుకపోయిన్రు."

ఫోన్ కట్టయింది. తిరిగి చూస్తే గాజుల పళ్లెంతో ఆమె నిలబడి ఉంది.

"ఏమంటుండక్కా? మా ఆయన గూడ ఉన్నడా?"

"ఉన్నడు. ఇద్దరు మంచిగున్నరు" అన్నాను.

మా ఆయన దొరకలేదన్న సంతోషం గొంతు దాకా వచ్చి ఉంది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె వెళ్లి మా అమ్మాయికి గాజులు తొడిగింది. అమ్మాయి కాళ్లు మొక్కితే తల నిమిరి, "మీ నాయిన సల్లగ ఇల్లు జేరుతడు బిడ్డా" అని దీవించింది. నేను పక్కనే నిలబడి విన్నాను.