ఆదిలాబాద్‌కు అరటిపండ్లు, సంచి అడుగున బూట్లు

ఆదిలాబాద్ అనగానే అందరూ జలపాతాల గురించి అడుగుతారు. నాకు మాత్రం విఠలన్న గుర్తొస్తాడు. మూడేళ్ల కిందట ఒక జ్వరం తర్వాత నా కాళ్లు రెండూ చచ్చుబడిపోయాయి. నరాల జబ్బన్నారు. కరీంనగర్ దవాఖానలో నెలల తరబడి పడి ఉన్నప్పుడు పక్క మంచం ఆయనది. లారీ మీద పత్తి లోడు కడుతూ జారిపడి వెన్నుపూస విరగ్గొట్టుకున్నాడు. చెల్లెలు ఇక్కడే ఉంటుందని కరీంనగర్ తీసుకొచ్చారట. ఇంట్లో మరాఠీ, బయట వచ్చీరాని తెలుగు. నేను వాకర్ పట్టుకుని ఒక్క అడుగు వేస్తే చాలు, మంచం మీంచే "పళ్! పళ్!" అని అరిచేవాడు.

"పాపం, పండ్లు అడుగుతుండు బిడ్డా. సీరియళ్లల్ల గిట్లనే పళ్లు అంటరు గద" అని మా అవ్వ తేల్చేసింది. వెంటనే అరటిపండు ఒలిచి ఆయన చేతిలో పెట్టేది. ఆయన పండును చూసి, అవ్వను చూసి, పడీపడీ నవ్వి తినేవాడు. సీరియళ్ల విషయంలో మా అవ్వను కాదనే ధైర్యం నాకెప్పుడూ లేదు కాబట్టి నేనూ అదే అనుకున్నాను.

నేను లేచాను, నడిచాను. నిరుటి నుంచి పొద్దున్నే మానేరు డ్యాం కట్ట మీద పరుగెత్తుతున్నాను కూడా. ఆయన లేవలేదు. ఆ రోజుల్లో నవ్వే మనిషంటూ పక్కన ఉన్నది ఆయనొక్కడే, ఆ రుణం తీర్చుకునే మాట ఒకటి చెప్పాలని ఉండేది. కానీ మంచం దిగలేని మనిషికి నేను ఉరుకుతున్నానని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఫోన్ తీసి మళ్లీ పెట్టేసేవాణ్ని. చివరికి ఆయన భార్య శాంతక్కే ఫోన్ చేసింది. "మనిషి సగమైండు తమ్మీ. ఒక్కసారి వచ్చి చూసిపో" అంది.

పొద్దున ఆరున్నరకు కరీంనగర్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్ నాలుగు వందల లోపే. నేరుగా పోయే బస్సు దొరక్కపోతే నిర్మల్‌లో మారవచ్చు. జగిత్యాల, మెట్‌పల్లి దాటి, గోదావరి దాటి, నిర్మల్ తర్వాత ఘాట్ రోడ్డు ఎక్కేసరికి కిటికీలోంచి చలి కొరకడం మొదలైంది. రెండు వైపులా టేకు చెట్లు. చూడదగ్గ దారే, నేనే సరిగా చూడలేదు. అవ్వ కట్టిచ్చిన డజను అరటిపండ్లు ఒళ్లో ఉన్నాయి. పొద్దున పరుగు మానలేక తెచ్చుకున్న బూట్లను మాత్రం ఆయన కంట పడకుండా సంచి అడుగున, లుంగీ కింద దాచాను.

ఆదిలాబాద్‌లో దిగేసరికి పన్నెండు దాటింది. మార్కెట్ వైపు పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. విఠలన్న ఊరు అక్కడి నుంచి అరగంట దూరం, షేర్ ఆటోలు తిరుగుతాయి.

"పత్తి బేరానికి వచ్చిండ్రా సార్?" అన్నాడు నేనెక్కిన ఆటో డ్రైవర్.

"కాదన్నా, విఠల్‌ను చూసిపోదామని."

అతను ఆటోలో మోగుతున్న పాట బంద్ చేశాడు. పండ్ల సంచి వైపు చూసి, "గవి ఎందుకు తెచ్చిండ్రు సార్? ఆయన ఏం తింటలేడు" అన్నాడు.

ఇంటి ముందు రేకుల కింద మంచం. నేను గుర్తుపట్టింది ఆ నవ్వును బట్టే, మిగతా మనిషి మిగల్లేదు. ఆటో దిగి నడిచి వస్తున్న నా కాళ్ల వైపే చూస్తూ, గొంతు పెగల్చుకుని "పళ్" అన్నాడు. నేను గబగబా ఒక పండు ఒలిచి అందించాను.

శాంతక్క నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "పండు గాదు తమ్మీ! మా బాసల పళ్ అంటే ఉరుకు అని. దవఖానల దినాం నిన్ను ఉరుకుమన్నడు. మీ అవ్వ పండు వెట్టేది. చెప్తే అవ్వ మనసు చిన్నగైతదని ఊకున్నడు."

ఒలిచిన పండుతో అలాగే నిలబడిపోయాను. నిలబడటమే చేతకాని నన్ను ఈయన ఉరకమన్నాడు. నేను ఉరుకుతున్నానని ఈయన దగ్గరే దాచాను. సంచి బోర్లించి బూట్లు తీసి, ఆయన ముందే కూర్చుని తాళ్లు కట్టుకున్నాను.

పత్తి చేల నడుమ బండ్ల బాట. బోరింగు దాకా ఉరికి తిరిగొచ్చాను. "పళ్ రే భావూ, పళ్!" అని తమ్ముణ్ని పిలిచినట్టు వెనక నుంచి వినబడింది. రెండోసారికే ఆ గొంతు జీరపోయింది. తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

"ఉరుకుతుంటే ఎట్లుంటది భావూ?" అన్నాడు.

నిజమే చెప్పాను. "ఎడమ మోకాలు ఇంకా నొస్తదన్నా."

"నొస్తదా?" తన మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా రుద్దాడు. "నసీబున్నోడివి. నాకు గా నొప్పి ఒక్కసారి వస్తే చాలు."

ఇంటికి వచ్చాక అవ్వ అడిగింది, "పండ్లు తిన్నడా బిడ్డా?" అని. తిన్నడవ్వా అన్నాను. ఆయన ఇన్నాళ్లు కాపాడిన మాటను నేనెందుకు బయటపెట్టాలి? ఇప్పుడు డ్యాం కట్ట మీద మోకాలు సలిపినప్పుడల్లా ఆ నొప్పికి దండం పెట్టుకుని ఇంకాస్త దూరం ఉరుకుతాను. ఆయనకు చెప్పాలనుకున్న కృతజ్ఞత చెప్పే దారి నాకు ఇంకొకటి తెలియదు.

మంచం పట్టిన మనిషిని చూడబోయేవాళ్లకు ఒక్క మాట. పొద్దున బస్సే ఎక్కండి, పండ్లూ తీసుకెళ్లండి. బూట్లు మాత్రం కాళ్లకే వేసుకుని వెళ్లండి.